లండన్ నుంచి ఇల్లందుకు ఫాసలా ఎంత?

మాలిక్ ఒక ముల్కులో, పని ఇంకో ముల్కులో. ఇది హైటెక్ సిటీతో పుట్టిన ముచ్చట కాదు దోస్తులారా. మా ఖమ్మం అడవి దీన్ని ఏనాడో చూసింది.

1871లో జియలాజికల్ సర్వే అధికారి డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. ఆ చోటును జనం బొగ్గుట్ట అనేవారు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం సర్కారు నుంచి తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. డోర్నకల్ నుంచి రైలు పట్టా అడవిలోకి వచ్చింది.

ఇప్పుడు నక్షా చూడండి. గోదావరి అవతలి భద్రాచలం అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీ. అంటే ఇంగ్లీషు సర్కారు సరహద్దు ఇల్లందుకు అంత దగ్గర. కంపెనీ ఫైసలాలు మాత్రం సముద్రాల అవతల, లండన్‌లో. డబ్బు ఇంగ్లీషులో మాట్లాడేది, సర్కారీ కాగితం ఉర్దూలో నడిచేది, గనిలో తెలుగు వినిపించేది.

ఇంత ఫాసలాను కలిపేది దర్మియాన్ నిలబడ్డ మనిషే. ఆ మనిషి అబ్దుల్ హక్, ఖితాబు సర్దార్ దిలేర్ జంగ్, నిజాం సర్కారులో హోం సెక్రటరీ. లండన్‌లో సర్కారు తరఫున మామలా నడిపింది ఆయనే. కంపెనీ షేర్లలో అధిక భాగం, సొమ్ము కట్టకుండానే, హక్కులు సంపాదించిన ఆసాములకు వెళ్లింది. హక్ తన చేతిలోని షేర్లను ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు తన సర్కారుకే అంటగట్టాడు. 1888లో గుట్టు రట్టయింది. బ్రిటిష్ పార్లమెంటు కమిటీ తహఖీఖాత్ చేసింది. హక్ పదవి పోయింది.

ఈ ఖియానత్ ఎలా సాధ్యమైంది? తార్లు అప్పటికే సముద్రం దాటుతున్నాయి, ఖబర్ చేరడం కష్టం కాదు. కానీ లండన్ హిసాబ్, హైదరాబాద్ హిసాబ్ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. రెండు వైపులా ఒకే మనిషి మాటే సాక్ష్యమైంది. మైళ్ల కంటే ఆ గుడ్డి ఎతబారే పెద్ద ఫాసలా.

తర్వాత మిల్కియత్ మెల్లగా ఇంటికొచ్చింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాద్ కంపెనీల చట్టం కింద రిజిస్టరైంది. 1945లో నిజాం సర్కారు మెజారిటీ షేర్లు కొన్నది. నేడు తెలంగాణ సర్కారుకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. సదర్ దఫ్తర్ కొత్తగూడెంలో, గనుల మధ్యనే ఉంది.

అయితే దఫ్తర్ దగ్గరికి రావడంతోనే దిలు దగ్గరవదు. గనిలో దిగే మజ్దూర్ మాట సర్దార్ నోట, ఆఫీసర్ నోట మారుతూ పైకి పోతే, కొత్తగూడెం కూడా లండనే అవుతుంది.

మన పిల్లలు ఇవాళ రాత్రిపూట అమెరికా మేనేజర్లతో కాల్‌లో కూర్చుంటారు. తెర మీద మొహం కనిపిస్తుంది, అయినా ఫాసలా తగ్గదు. నాకు తోచిన ఇలాజ్ పాతదే: హిసాబ్ రెండు వైపులా ఒకేలా కనిపించాలి. దర్మియాన్ ఉన్నవాడి సొంత ఫాయిదా ఏమిటో అందరికీ తెలియాలి. కింద పనిచేసేవాడి మాట వాడి నోటి నుంచే పైదాకా చేరాలి. ఎతబార్ అమానత్ లాంటిది, ఒక్కడి జేబులో వదిలేస్తే దక్కదు.