తెరపై రోంగ్‌బుక్ విహారం

1924 డిసెంబరులో లండన్‌లోని స్కాలా థియేటరులో ‘ది ఎపిక్ ఆఫ్ ఎవరెస్ట్’ అనే మూకీ యాత్రాచిత్రం ప్రదర్శితమైనప్పుడు, తెరకు ముందు ఏడుగురు టిబెట్ భిక్షువులు వేదికనెక్కారు. గ్యాంట్సే నుండి రప్పించిన ఆ భిక్షువుల చేత బాకాలు, తాళాలు మ్రోగించి, విహారాలలో ఆచారపూర్వకంగా జరిగే ఛామ్ నృత్యాన్ని టిక్కెట్టు కొన్నవారికి వినోదంగా చూపించారు. ఆ ఏర్పాటు చిత్రకర్త జాన్ నోయెల్‌ది. యాత్ర ఛాయాచిత్ర హక్కులకు ఆయన 8,000 పౌండ్లు చెల్లించి ఉన్నాడు. ఆ సొమ్ము రాబట్టుకోవలసిన అవసరమూ ఆయనకుంది.

లాసా ప్రభుత్వం దీనిని అవమానంగా భావించింది. ఒక వృద్ధుడు పిల్లవాని తలలోని పేలు తీసి నోట వేసుకుంటున్నట్లు చూపిన దృశ్యం ఆగ్రహాన్ని మరింత పెంచింది. చిత్రమొక్కటే కారణం కాకపోయినా, 1933 వరకు మరే ఎవరెస్ట్ యాత్రకూ టిబెట్ అనుమతి లభించలేదు.

ఇటువంటి యాత్రాచిత్రాలపై సేకర్తలకు గల మక్కువకు బలమైన కారణాలున్నాయి. నైట్రేటు ఫిల్ము తేలికగా అంటుకుంటుంది. కాలంతో పాటు శిథిలమవుతుంది. ప్రదర్శనలు ముగిశాక అందులోని వెండి కోసం కరిగించినవీ ఎక్కువే. మిగిలిన వాటిని తర్వాత నలుపు తెలుపు ఫిల్ముపైకి ఎక్కించడంతో అద్దకపు వర్ణాలు పోయాయి. అందుచేత అసలు రంగులతో నిలిచిన ప్రతికి విలువ హెచ్చు. బాజెల్ నగరంలో పిల్లలకు చూపడానికని జెసూట్ మతగురువు జోసెఫ్ జోయ్ కూడబెట్టిన చిత్రాలే నేడు తొలినాటి సినిమాకు ఒక ప్రధాన ఆధారం! నోయెల్ చిత్రాన్ని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆ వర్ణాలతోనే పునరుద్ధరించి 2013లో విడుదల చేసింది.

సేకర్తల దృష్టి సహజంగా మేలరీ, ఇర్విన్‌ల చివరి దృశ్యాలపై నిలుస్తుంది. బౌద్ధ చరిత్రకారులకు మాత్రం పర్వతారోహణకు ముందున్న భాగమే ముఖ్యం. ఫారీ వీధులు, షేకర్ కోట, రోంగ్‌బుక్ విహారం అందులో కనిపిస్తాయి. 1902లో స్థాపితమైన రోంగ్‌బుక్ సాంస్కృతిక విప్లవ కాలంలో నేలమట్టమైంది, ఇప్పుడున్నది పునర్నిర్మాణం. పాత కట్టడాల అమరికను, భిక్షువుల వస్త్రధారణను పరిశీలించడానికి ఈ ఫిల్ముకు సాటిరాగల ఆధారాలు స్వల్పం. అదే విహారంలోని ఛామ్ నృత్యాన్ని నోయెల్ 1922 నాటి ‘క్లైంబింగ్ మౌంట్ ఎవరెస్ట్’ చిత్రంలోనూ బంధించాడు.

అయితే దృశ్యాల నడుమ వచ్చే వ్యాఖ్యాఫలకాలను సాక్ష్యంగా స్వీకరించరాదు. టిబెటన్ల అపరిశుభ్రతను గూర్చిన వాటి పరిహాసం లండన్ ప్రేక్షకుల అభిరుచిని చెబుతుందే గాని విహార జీవితాన్ని కాదు. పునరుద్ధరణలో వాటిని తొలగించకపోవడం సరియైన నిర్ణయమే. ఫలకానికీ దృశ్యానికీ పొసగని చోటనే పరిశోధకుడు ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది.