నిప్పు ఒకటే, వాటా ఒకటే: అరకు కొండల్లో పందిమాంసం చరిత్ర

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళేవాళ్ళకి కొండ అంటే మూడు వస్తువులు: బొర్రా గుహలు, కాఫీ, బొంగు చికెన్. రోడ్డు పక్కన పచ్చి వెదురు బొంగులు నిప్పుల మీద కాలుతూ ఉంటాయి. వాటిలో ఉండేది కోడి. ఆ కొండల్లోనే చాలా గూడేల్లో నల్లటి నాటు పందులు తిరుగుతాయి. పండక్కీ పెళ్ళికీ పందిని కోసుకునే ఇళ్ళున్నాయి. గానీ హోటలు బోర్డు మీద పంది కనిపించదు. హాస్టలు పిల్లల భోజనంలో గుడ్డు ఉంది, కోడికూర ఉంది, పంది లేదు. ఈ లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. పందిమాంసానికి అంటిన సిగ్గు ఆ మాంసంలో పుట్టింది కాదు. కులమూ, తెల్లవాళ్ళ రికార్డూ, అడవి చట్టమూ, టూరిజమూ ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టింది. మా వాదన ఇదే.

ముందు వంట సంగతి చూద్దాం. పందిని మేకలాగా తోలు ఒలిచి కొయ్యరు. ఎండుగడ్డి మంటలో ఒళ్ళంతా తిప్పి తిప్పి కాలుస్తారు. వెంట్రుకలు మాడిపోయాక కత్తితో గీకి, కడిగి, మళ్ళీ కాలుస్తారు. తర్వాత కోసి ఆకుల మీద కుప్పలు పెడతారు. ప్రతి కుప్పలోనూ కండ, కొవ్వు, తోలు, ఎముక అన్నీ పడాలి. ఆ పంచడంలోనే ఒక న్యాయం ఉంది. కొంత మాంసం ఉప్పూ పసుపూ మిరపకాయా వేసి ఉడికిస్తారు, కొంత నిప్పుల మీద కాలుస్తారు. నూనె అక్కర్లేదు, కొవ్వే కరిగి నూనె అవుతుంది. పచ్చి బొంగులో కూరి ఆకుతో మూతి బిగించి మంటలో పెడితే, వెదురులోని తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. బొంగుకి కోడి అనీ పంది అనీ పట్టింపు లేదు. పట్టింపంతా బొంగు కొనేవాడిది.

ఇవాళ పట్నం వంటింట్లోకి హాలోజన్ ఓవెన్ అని ఒక సామాను వచ్చింది. గాజు గిన్నె, మూతలో దీపం, చిన్న ఫ్యాను. దీపంనుంచి వచ్చే పరారుణ వేడి తోలుని ఆరబెట్టి పెళుసు చేస్తుంది, ఫ్యాను వేడిగాలిని మాంసం చుట్టూ తిప్పుతుంది. నిప్పుకణిక చేసే పని కూడా అదే. ఇంగ్లీషువాళ్ళు పంది తోలుకి ఉప్పు రాసి కరకరలాడేలా కాల్చి ఆదివారం భోజనంలో గొప్పగా వడ్డిస్తారు. అదే తోలు కొండమీద గడ్డిమంటలో కాలితే అనాగరికం ఎట్లా అయింది?

భాషని అడిగితే భాష ఏ తేడా చెప్పదు. తెలుగులో పంది, తమిళంలో పన్ఱి, కన్నడంలో హంది, గోండిలో పద్ది, కుయిలో పజి. ఇవన్నీ ఒకే మూలద్రావిడ మాటనుంచి వచ్చినవి. అంటే ఈ భాషలు విడిపోకముందే ఆ జంతువు మన పూర్వుల మాటల్లో ఉంది. అరకు ప్రాంతంలో కొండదొరలు మాట్లాడే కూబి భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి పుస్తకం 1969లో వచ్చింది. అట్లాంటి పని జరిగినచోటల్లా కొండకీ మైదానానికీ ఉన్న పాత చుట్టరికం బయటపడింది. ఆ చుట్టరికాన్ని తెంపి మధ్యలో మెట్టు కట్టింది భాష కాదు, కులం.

కులం ఆ మెట్టు కట్టిన తీరు విచిత్రమైంది. జంతువుని రెండుగా చీల్చింది. సంస్కృతంలో పిలిస్తే అది వరాహం. వేంగి చాళుక్యుల రాగిశాసనాల ముద్ర మీద వరాహం ఉంటుంది. విజయనగరం బంగారు నాణెం పేరు వరహా. ఈ కొండల దిగువన, విశాఖ పక్కనే, సింహాచలంలో పూజలందుకునే దేవుడు వరాహ నరసింహుడు. తెలుగులో పిలిస్తే మాత్రం అది పంది, అది తిట్టు. మేపేవాడు ఎరుకలోడు, తినేవాడు మాలమాదిగోడు, కొండోడు. రాజు అడవిపందిని పొడిస్తే అది వేట, వీరత్వం. తెల్లదొరలు గుర్రమెక్కి ఈటెలతో పందిని తరిమితే అది క్రీడ. ఆ క్రీడ మీద బేడెన్ పావెల్ 1889లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. వాటాలేసుకుని ఆకులో తినేవాడు తింటే మాత్రం నీచు. జంతువు ఒక్కటే, మర్యాద మాత్రం మనిషిని బట్టి మారింది.

ఆ మర్యాదని కాగితం మీద ఎక్కించింది వలస పాలన. కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ 1869లో, ఫ్రాన్సిస్ గెజెటీర్ 1907లో, థర్‌స్టన్ ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. థర్‌స్టన్ పుస్తకంలో కులాల గురించీ తెగల గురించీ చదువుతూ పోతే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది: వీళ్ళు ఏ మాంసం తింటారు, ఏది తినరు, ఎవరి చేతి కూడు ముట్టరు. తిండి అక్కడ తిండిగా లేదు, మనిషిని తూచే రాయిగా ఉంది. ఎట్లా వండుతారు, ఎవరు పంచుతారు, ఆడవాళ్ళ వాటా ఎంత అన్న ప్రశ్నలకి ఆ తూకంలో చోటు తక్కువ. ఆ పుస్తకాలనే తర్వాత మన విశ్వవిద్యాలయాలు ప్రమాణంగా పెట్టుకున్నాయి.

తూకం కొండలోపలికి కూడా పాకింది. రికార్డుల్లో డొంబు, పైడి అని రాసిన జనం, నేటి ఏజెన్సీ వాల్మీకులు, నేతా సంత వ్యాపారమూ చేసుకుని బతికినవాళ్ళు. మిగతా తెగలు కొన్ని వాళ్ళ చేతి కూడు తినవని రాసిపెట్టి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం సీమ అటు పోయింది. అరకు, పాడేరు మద్రాసు వైపు ఉండిపోయాయి. ఇప్పుడు చూడండి: ఒరిస్సాలో డొంబులు షెడ్యూల్డ్ కులం. ఆంధ్ర ఏజెన్సీలో వాల్మీకులు షెడ్యూల్డ్ తెగ. కొండ దిగితే పైడి, పానో మళ్ళీ షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉంటారు. గీత కాగితం మీద మారింది గాని కూటి దగ్గరి అంటు మారలేదు. అంబేద్కర్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో గొడ్డుమాంసాన్ని అంటరానితనపు మూలాల్లోకి తీసుకెళ్ళి చర్చించాడు. పంది మీద అట్లాంటి చర్చ మనం ఇంకా మొదలు పెట్టాల్సే ఉంది.

ఇక చట్టం. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటని లైసెన్సుకి కట్టింది, 1991 సవరణ ఆ లైసెన్సులకీ తలుపు మూసింది. చైత్రమాసంలో ఇటికల పండక్కి మగవాళ్ళు గుంపుగా వేటకి పోవడం ఈ కొండల ఆచారం. అడవిపందిని తెస్తే ఊరంతా పంచుకునేవాళ్ళు. ఇప్పుడు తెస్తే నేరం. అడవినీ జంతువునీ కాపాడాలనడంలో మాకు పేచీ లేదు. అడవి నరికి రైలు పట్టాలేసినవాణ్ణీ, గనులు తవ్వినవాణ్ణీ వదిలేసి విల్లు పట్టినవాణ్ణి ముందు ముద్దాయిని చెయ్యడంలోనే మా పేచీ.

వేట పోయాక మిగిలింది పెంపుడు పంది. దీని లెక్క ఆడవాళ్ళకి బాగా తెలుసు. ఆడపంది కట్టినాక మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులకి ఈనుతుంది. ఏడాదికి రెండు ఈతలు వస్తాయి. తవుడు, పనస తొక్కలు, కల్లు మడ్డి ఏది వేసినా తింటుంది. సెంటు భూమి లేకపోయినా పెంచొచ్చు. జబ్బు చేసినప్పుడూ, బడి ఖర్చుకీ సంతకి తోలితే డబ్బవుతుంది. షావుకారు వడ్డీకి అదే విరుగుడు.

దాన్ని రోగం పేరుతోనూ కొట్టారు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి పిల్లల ప్రాణాలు తీసినప్పుడు మాట పందుల మీదికే వచ్చింది. పంది ఒంట్లో ఆ వైరస్ పెరిగేమాట నిజమే. గానీ దాన్ని మోసేది వరిమళ్ళ నీళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ, కొంగల్లోనూ అది ఉంటుంది, టీకా కూడా ఉంది. వరిమడిని ఎవరూ నిందించలేదు, అది పెద్దరైతుది. పందిని నిందించారు, అది పేదవాడిది. పందిని బాగా ఉడికించి తినాలి, పందిదొడ్డిని ఇంటికి దూరంగా కట్టాలి అని చెప్పడం ఆరోగ్యం. పందులోళ్ళు అని ఈసడించడం కులం.

మా వాదనకి గట్టి సాక్ష్యం పడమటి కనుమల్లో ఉంది. కర్ణాటకలోని కొడగులో కూడా కొండలున్నాయి, కాఫీ ఉంది, పంది ఉంది. 2019లో కూర్గ్ అరబికా కాఫీకీ అరకు వ్యాలీ అరబికా కాఫీకీ రెండింటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కొడవల పంది కూర, కాచంపులి పులుపుతో, తోటల అతిథిగృహాల్లో గర్వంగా వడ్డిస్తారు. తినడానికే టూరిస్టులు వెళతారు. కొడవలు భూమి ఉన్నవాళ్ళు. తుపాకీ లైసెన్సు నుంచి వాళ్ళకి బ్రిటిష్ కాలంనుంచీ మినహాయింపు ఉంది. ఇక్కడ విల్లు కూడా నేరమైంది. ఆ కాఫీ తోటల్లో కూలిచేసే ఎరవల తిండికి మాత్రం ఆ గర్వంలో వాటా రాలేదు. కాబట్టి మాంసానికి కులం లేదు. భూమి ఎవరిదైతే వాళ్ళ తిండి సంస్కృతి అవుతుంది, భూమి లేనివాళ్ళ తిండి మురికి అవుతుంది.

అందుకని పందిని కూడా హోటలు బోర్డు ఎక్కించండి అని మేము అడగడం లేదు. బోర్డెక్కిన బొంగు ఎవరి జేబు నింపుతోందో ముందు చూడాలి. మేము అడిగేది రెండు పనులు. ఉపాధ్యాయులు కువి, కూబి, ఆదివాసి ఒరియా మాట్లాడే పిల్లలచేత ఇంటి వంట వాళ్ళ మాటల్లోనే రాయించాలి. పంది పేరు రాయడానికి పిల్ల చెయ్యి ఆగితే, ఆ చెయ్యిని ఆపిందెవరో తరగతిలో మాట్లాడాలి. ఇక కార్యకర్తలు ఆదివాసీ దళితుల ఐక్యత అని మీటింగులో చెప్పేముందు, ఊళ్ళో పంది కోసినరోజు ఎవరి వాటా ఎవరింటికి పోతోంది, ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోతోంది అన్నది చూడాలి. వాటా ఆగిన చోటే మన పని మొదలవుతుంది.