ఆ 53 రోజులు

1978 నవంబరు. కలకత్తాలో చలిగాలి మొదలైంది. బల్లకు అవతల ప్రభుత్వం వేసిన విచారణ సంఘం. ఇవతల ఒకే ఒక్కడు.

సంఘం పెద్దాయన రేడియో భౌతిక శాస్త్రవేత్త. ఇవతల కూర్చున్నది డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ. 47 ఏళ్లు. ఎడిన్‌బరో వెళ్లి పునరుత్పత్తి హార్మోన్ల మీద డాక్టరేట్ చేసొచ్చిన ఫిజియాలజీ ప్రొఫెసరు. పిండాల్ని ఎక్కడ దాచారని అడిగారు. సీలు చేసిన ఆంప్యూల్స్‌లో, అన్నాడాయన. ఆంప్యూల్‌ని ఎలా సీలు చేస్తారు? మామూలుగా చేసినట్టే. మరి సీలు చేస్తే పిండాలు చచ్చిపోవా? కాంపౌండరు కూడా అడగని ప్రశ్న అది. ఆ గదిలో ఏం జరగబోతోందో డాక్టరుకి అప్పుడే అర్థమై ఉండాలి.

దాదాపు ఏడాది కిందట, ఇదే నగరం. ఆయన ముందు బిడ్డ కోసం ఎదురుచూసి అలసిపోయిన దంపతులు. ఆమెకి అండాశయాలున్నాయి. గర్భసంచి ఉంది. రెండింటినీ కలిపే దారే చెడిపోయింది. ఫెలోపియన్ ట్యూబు నాలుగైదు అంగుళాలుంటుంది, ఒక కొసన వెంట్రుక పట్టేంత సన్నం. అండమూ వీర్యకణమూ కలిసేది ఆ ట్యూబులోనే. అక్కడ దారి లేదంటే, ఆ కలయిక ఒంటి బయటే జరగాలి. అప్పటికి ప్రపంచంలో ఏ బిడ్డా అలా పుట్టలేదు.

ముందు అండం కావాలి. అది అడగ్గానే దొరికేది కాదు. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి చిన్న సంకేతం వదుల్తుంది, దాన్నందుకుని బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని రక్తంలోకి పంపుతుంది, అది అండాశయంలో కొన్ని అండపుటికల్ని నిద్రలేపుతుంది, వాటిలో ఒకటి మిగతావాటిని వెనక్కి నెట్టి పెరుగుతూ ఈస్ట్రోజన్‌ని కుమ్మరిస్తుంది, ఆ ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరని మందంగా పరుస్తూ పరుస్తూ ఒక హద్దు దాటగానే పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అక్కణ్ణుంచి దాదాపు 36 గంటలు. పుటిక పగులుతుంది. అండం బయటపడుతుంది. నెలకి ఒకటి. అది చేజారితే మళ్లీ నెల ఆగాలి.

ఇంగ్లండులో, ఓల్డ్‌హామ్‌లో, ఇదే ప్రయత్నంలో ఉన్న డాక్టర్ స్టెప్టో, శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ ఆ ఒక్క అండం వెంటే పడుతున్నారు. మూత్రంలో ఎల్‌హెచ్ ఎప్పుడు పెరుగుతుందా అని రాత్రీ పగలూ కాపు కాస్తున్నారు. కలకత్తా డాక్టరు ఇంకో తోవ పట్టాడు. హెచ్‌ఎంజీ ఇంజక్షన్లు ఇచ్చి ఒకే నెలలో చాలా అండాల్ని పండించాలనుకున్నాడు. ఆ మందు పుట్టుకే విచిత్రం. బహిష్టులు ఆగిపోయిన ఆడవాళ్లలో అండాశయం పలకదు. పలకట్లేదని పిట్యూటరీ మరింత గట్టిగా పిలుస్తుంది. ఆ హార్మోన్లు మూత్రంలో పోతుంటాయి. అందులోంచి తీసిందే ఈ మందు. బిడ్డల్ని కనే వయసు దాటిన ఆడవాళ్ల ఒంట్లోంచి, ఇంకా తల్లి కాని ఆమెకి.

అండాలు పండాయి. పొట్ట మీద కోత పెట్టలేదు. యోని వెనక గోడ దగ్గర దారి చేసి వాటిని బయటకి తీశారు. పక్కన గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య ఉన్నాడు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి సునీత్ ముఖర్జీ వచ్చాడు. ఫుడ్ టెక్నాలజీ విభాగం మనిషి, అతిశీతలం ఆయన చదువు. గాజు పాత్రలో అండం, వీర్యకణం కలిశాయి. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. పిండం సిద్ధం. ఇక గర్భసంచిలో పెట్టడమే.

ఆయన పెట్టలేదు.

కారణం ఆ ఇంజక్షన్లే. అన్ని పుటికలు ఒకేసారి పెరిగితే హార్మోన్లు గతి తప్పుతాయి. మామూలు నెలలో అండం వెళ్లిపోయిన పుటిక పసుపురంగు ముద్దలా మారి ప్రొజెస్టెరాన్ ఇస్తుంది. గర్భసంచి పొరని మెత్తగా, తడిగా, పిండం దిగడానికి వీలుగా చేసేది అదే. పిండం రాకపోతే రెండు వారాలకి ఆ ముద్ద ఎండిపోతుంది, పొర రాలుతుంది, నెలసరి వస్తుంది. మందులతో కలతబడ్డ నెలలో ఆ పొరని నమ్మలేం. విత్తనం మంచిదే, నేల అదను తప్పింది. అదను వచ్చేదాకా విత్తనం దాచాలి. మనిషి పిండాన్ని దాచి మళ్లీ బతికించినవాడు అప్పటికి లోకంలో లేడు.

పిండాల్ని, గడ్డకట్టేటప్పుడు కణాల్ని కాపాడే డీఎంఎస్‌ఓ ద్రవంలో ఉంచారు. మెల్లగా చల్లబరిచారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. బయట కరెంటు కోతల కలకత్తా. లోపల గడ్డకట్టిన కాలం. ఒక రోజు, పది రోజులు, ముప్పై. ఆమె ఒళ్లు తన లయ తాను వెతుక్కుంటోంది. 53 రోజులయ్యాక కరిగించారు. ఏ మందూ లేని మామూలు నెలలో, పొర సిద్ధమైన రోజు చూసి, లోపల పెట్టారు.

ఆ నెల బహిష్టు రాలేదు.

1978 సెప్టెంబరు ఆఖరి వారం. కుండపోత. బెంగాల్ వరదల్లో మునిగింది, కలకత్తా వీధుల్లో నీళ్లు నిలిచాయి. అక్టోబరు 3, నవరాత్రుల తొలిరోజు, ఆడపిల్ల పుట్టింది. ఓల్డ్‌హామ్‌లో స్టెప్టో, ఎడ్వర్డ్స్ ప్రయత్నం ఫలించి, ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టి అప్పటికి 70 రోజులు. ఈ పాపని లోకం దుర్గ అంది. ఆ సంబరం రెండు నెలలు కూడా నిలవలేదు.

సంఘం తేల్చేసింది. అంతా బూటకం. ఆ తర్వాత జపాన్ నుంచి పిలుపొచ్చింది, వచ్చి చెప్పమని. ప్రభుత్వం వెళ్లనివ్వలేదు. గుండెపోటు వచ్చింది. 1981 జూన్‌లో బదిలీ ఉత్తర్వు. జీవితమంతా హార్మోన్ల మీద గడిపిన మనిషిని కంటి వైద్య సంస్థలో వేశారు. జూన్ 19. ఉక్కపోత. సదరన్ ఎవెన్యూ ఫ్లాటుకి స్కూలు టీచరైన భార్య నమిత తిరిగొచ్చేసరికి ఆయన లేడు. తన ప్రాణం తానే తీసుకున్నాడు. వయసు 50.

1986లో బొంబాయిలో హర్ష పుట్టింది. దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని రికార్డు. ఆ ఘనత సాధించిన శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు టి.సి. ఆనంద్ కుమార్. 1997లో ఆయన కలకత్తా వెళ్లాడు. సుభాష్ చేత్తో రాసుకున్న కాగితాలు ఆయన ముందుకొచ్చాయి. మందులు, అండాలు, గడ్డకట్టించిన తీరు, అన్నీ ఉన్నాయి. నిజమని ఒప్పుకుంటే తన పేరు పక్కనున్న 'తొలి' పోతుంది.

ఒప్పుకున్నాడు. 'కరెంట్ సైన్స్' పత్రికలో సంతకం చేసి మరీ రాశాడు, మొదటివాడు సుభాషేనని.

ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఐవీఎఫ్ కేంద్రానికి వెళ్లే దంపతులకి డాక్టర్లు తరచుగా ఒక మాట చెబుతారు: ఇంజక్షన్లతో అండాలు తీస్తాం, పిండాల్ని ఫ్రీజ్ చేస్తాం, ఈ నెల వద్దు, గర్భసంచి కుదుటపడ్డాక పెడదాం. ఆ మాట విన్నప్పుడు సుభాష్ ముఖోపాధ్యాయ పేరు ఒకసారి తలుచుకోండి. 1977లో ఆయన చేసింది అదే.