చతుర్భుజముల వైశాల్యము, చుట్టుకొలత

నాలుగు సరళరేఖలచే ఆవరింపబడిన సమతల పటమును చతుర్భుజము అందురు. దాని నాలుగు భుజముల మొత్తము చుట్టుకొలత. అది ఆక్రమించు స్థలము వైశాల్యము. కంచెకు చుట్టుకొలత, విత్తనమునకు వైశాల్యము తెలియవలెను.

సూత్రములు
* చతురస్రము: భుజము × భుజము
* దీర్ఘ చతురస్రము: పొడవు × వెడల్పు
* సమాంతర చతుర్భుజము: భూమి × ఎత్తు
* సమచతుర్భుజము (రాంబస్): కర్ణముల లబ్ధములో సగము
* సమలంబ చతుర్భుజము (ట్రెపీజియం): సమాంతర భుజముల మొత్తములో సగము × వాటి మధ్య దూరము
* ఏ కుంభాకార చతుర్భుజమైనను: ½ × కర్ణము × (ఎదుటి శీర్షముల నుండి దానిపైకి గీసిన లంబముల మొత్తము)

భూమి కొలతలో ఉపయోగము
నిర్మల్ జిల్లాలోని భైంసా ప్రాంతమున నల్లరేగడి పత్తి చేలను, తెలంగాణలోని ఇతర ప్రాంతములలో వలెనే, ఎకరములు, గుంటలలో లెక్కింతురు. 11 గజముల భుజము గల చతురస్రము ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము.

ఒక చేని భుజములు వరుసగా 25, 60, 52, 39 గజములు, ఒక కర్ణము 65 గజములు అనుకొందము. చుట్టుకొలత 176 గజములు. ఎదురెదురు భుజముల సగటులను గుణించు స్థూల పద్ధతిలో 38.5 × 49.5 = 1905.75 చదరపు గజములు, అనగా 15.75 గుంటలు వచ్చును. కాని కర్ణము చేనును రెండు లంబకోణ త్రిభుజములుగా విభజించును: 750 + 1014 = 1764 చదరపు గజములు, అనగా సుమారు 14.58 గుంటలు. స్థూల పద్ధతిని నమ్మి కొన్నవాడు గుంటకు పైగా నష్టపోవును. దీర్ఘ చతురస్రమునకు తప్ప ఈ పద్ధతి ఎల్లప్పుడు అధికముగనే చూపును.

చుట్టుకొలత ఒకటే అయినను వైశాల్యము మారవచ్చును. 176 గజముల చుట్టుకొలతతో 44 గజముల చతురస్రము సరిగా 16 గుంటలు. 80 × 8 గజముల దీర్ఘ చతురస్రము ఆరు గుంటలైనను కాదు.

చరిత్ర
స్థూల పద్ధతి ప్రాచీన ఈజిప్టులోను వాడుకలో ఉండెను. బ్రహ్మగుప్తుడు సా.శ. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున దానితోపాటు సూక్ష్మ సూత్రమును తెలిపెను: చుట్టుకొలతలో సగము నుండి ఒక్కొక్క భుజమును తీసివేసి, నాలుగు శేషముల లబ్ధమునకు వర్గమూలము కనుగొనవలెను. పై చేనికి √(63 × 28 × 36 × 49) = 1764. ఇది చక్రీయ చతుర్భుజములకే, అనగా నాలుగు శీర్షములు ఒకే వృత్తముపై ఉన్నవాటికే చెల్లును. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసార సంగ్రహములో రెండు విధములను వివరించెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు చేసెను. కర్ణమో లంబమో తెలియక భుజములతోనే వైశాల్యము నిశ్చయింపరాదని 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు లీలావతిలో స్పష్టపరచెను.