మాటకు పుట్టుక అడిగేవాళ్ళు

యూసుఫ్‌గూడ పక్కనే కృష్ణానగర్. కొంచెం ముందుకెళితే అమీర్‌పేట, ఆ తర్వాత పంజాగుట్ట. మేం రోజూ తిరిగే దారి ఇది. యూసుఫ్ మా పేరు, గూడ తెలుగు. అమీరు అరబ్బీ, పేట తెలుగు. పంజా పారశీకం, గుట్ట తెలుగు. సిటీ బస్సెక్కేవాళ్ళు ఎవరూ ఈ పేర్లను మధ్యకు విరిచి, ఇందులో మనదెంత, పరాయిదెంత అని అడగరు. మనుషుల దగ్గరకొచ్చేసరికే ఆ ప్రశ్న పుడుతుంది. మీరెక్కణ్ణుంచి వచ్చారు అని.

ఈ ప్రశ్న మాకంటే ముందు మా మాటలకు ఎదురైంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చేశాడు. 1854లో ఇంకో పుస్తకం వేశాడు. తెలుగువాళ్ళు వాడే మిశ్రభాషా పదాలకు, అన్యదేశ్యాలకు అది వేరే నిఘంటువు. అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ నుంచి వచ్చిన మాటలకు అందులో చోటు దొరికింది. అంటే మా మాటలకు వేరే పుస్తకం, వేరే అట్ట. ఒకే ఊళ్ళో వేరే వాడలాగ.

బ్రౌన్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. పండితులు ఈ మాటల్ని నిఘంటువుకు తగినవిగా చూడలేదు. కచేరీలో, సంతలో, పొలం గట్టు మీద జనం వాడుతున్నారు కాబట్టి ఆయన వాటిని ఏరిపెట్టాడు. కచేరీ మాటలు తెలియకుండా దొరలు ఒక్క అర్జీ కూడా చదవలేరు. కచేరీ, అర్జీ - ఈ రెండూ మావే. ఆయన 1852లోనే తెచ్చిన మరో నిఘంటువు పేరులోని జిల్లా కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. రైతు, కాగితం, ఖర్చు, బాకీ, రసీదు, తారీఖు, జవాబు, జామీను, వకీలు, ఫిర్యాదు. వీటిని తీసేసి ఒక్కరోజు తెలుగులో బతికి చూడండి. అసలు సంగతి తెలుస్తుంది. ఆ ‘అసలు’ కూడా అరబ్బీయే.

మాటను వేరుగా పెట్టడం ఒకటి. దాన్ని నవ్వులపాలు చేయడం ఇంకొకటి. 1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కూర్చిన నిఘంటువు వచ్చింది. ఇండియాలోని ఇంగ్లీషువాళ్ళ నోట నలిగిన మాటలన్నీ అందులో ఉన్నాయి. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు. పుస్తకం రాకముందే 1882లో పోయాడు. దాని పేరు హాబ్సన్-జాబ్సన్. ఎవరో ఇద్దరు దొరల పేర్లనుకుంటారు చాలామంది. కాదు. మొహర్రంలో గుండెలు బాదుకుంటూ ‘యా హసన్, యా హుసేన్’ అనే ఏడుపు అది. క్రీస్తుశకం 680లో కర్బలాలో జరిగిన నెత్తుటి జ్ఞాపకం. ఇంగ్లీషు సిపాయి చెవిలో పడి అది హాబ్సన్-జాబ్సన్ అయ్యింది. దేశీయుల పండగ కోలాహలం, తమాషా అని దానికి అర్థం రాశారు. అదే పుస్తకంలో మమ్మల్ని ‘మూర్లు’ అన్న పాతమాటా ఉంది. హిందుస్తానీ భాషను కూడా ఒకప్పుడు ఆ పేరుతోనే పిలిచారు. ఆ మాట ఇప్పుడు వాడుకలోంచి పోయింది. వెక్కిరింపు పోలేదు. కృష్ణానగర్‌ని బతికించే సినిమానే చూడండి. అక్కడ పొద్దున్నే పిలుపు కోసం నిలబడే కూలీల్లో మావాళ్ళూ ఉంటారు. తెరమీద మాత్రం చాలాకాలం సాయిబంటే ‘నంబళ్‌కీ తుంబళ్‌కీ’ అని నవ్వించేవాడే. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష రాని దూదేకులాయన నోటికీ అదే అంటగట్టారు.

అయితే ఆ ఏడుపుకే తెలుగు పల్లె ఇంకో రూపం ఇచ్చింది. హసన్, హుసేన్ పీర్ల పాటల్లో ఆశన్న, ఊశన్న అయ్యారు. ఉచ్చారణ ఇక్కడా మారింది. కానీ మార్చినవాళ్ళు పీరును భుజానికెత్తుకున్నారు. అన్న అని పిలిచారు. హిందువుల ఇళ్ళ ముందు కూడా పీరు ఆగింది, కాళ్ళకు నీళ్ళు పోయించుకుంది. మాట వంకర కావడంలో అవమానం లేదు, ఏ మనసుతో వంకర చేశారన్నదే ప్రశ్న.

చెట్లనూ అడగండి. హాబ్సన్-జాబ్సన్‌లో సీతాఫలం మీద పెద్ద చర్చే ఉంది. పాత శిల్పాల్లో ఆ పండు ఉందని కన్నింగ్‌హామ్ వాదన. దాని పుట్టిల్లు అమెరికా అంటారు వృక్షశాస్త్రజ్ఞులు. అయినా సీతమ్మ పేరుతో బతుకుతోంది. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పండు అంటే హైదరాబాద్‌లో ఎగబడి కొంటారు. మిరపకాయ అమెరికాది. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు మెక్సికోది. పోర్చుగీసువాళ్ళు వచ్చాకే మిరప మన వంటింటికొచ్చింది. ఎవరూ దాన్ని కాగితాలు చూపమనరు. గులాబీకి మాత్రం పారశీకపు పేరే మిగిలింది. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. ఆ పువ్వు దర్గా చాదర్ మీదా ఉంటుంది, గుడి దండలోనూ ఉంటుంది.

1985లో మండలాలొచ్చి తాలూకాలు పోయాయి. ఆ మాటా మెల్లగా పాతబడింది. మాటలు పుడతాయి, పోతాయి. దానికి మాకు దిగుల్లేదు. కానీ రేపు కొత్త నిఘంటువు రాసేవాళ్ళకు ఒక మనవి. ‘హక్కు’ అన్న మాట అరబ్బీది. పక్కన అరబ్బీ అని రాసుకోండి, అది నిజమే. దాన్ని మాత్రం వేరే పుస్తకంలోకి నెట్టకండి. ఈ దేశంలో దళితుడూ, ఆడమనిషీ, కూలీ, మేమూ నోరు తెరిచి అడిగేది ఆ మాటతోనే.