Spaceship Art: ఇంట్లోనే అంతరిక్ష నౌక డిజైన్.. ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు.. కానీ ఈ తప్పులు చేయొద్దు!

'ఆదిత్య 369'లో టైమ్ మెషీన్.. 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్'లో వ్యోమనౌక.. 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి. తెలుగు తెరపై ఇలాంటి వాహనాలు చూసినప్పుడల్లా 'దీన్ని ఎలా తయారు చేశారబ్బా?' అనిపిస్తుంది కదా. ఇప్పుడు ఆ పని సరదాగా నేర్చుకోవడానికి పెద్ద స్టూడియోనే అక్కర్లేదు. మేడ్చల్ దగ్గరి అత్వెల్లిలో ఓ చిన్న గది, ఓ కంప్యూటర్ ఉన్నా మొదలుపెట్టొచ్చు. అసలు ఇదెలా సాధ్యమో చూద్దాం.

సూపర్ కంప్యూటర్ నుంచి ఇంటి టేబుల్ మీదకు

1977లో వచ్చిన 'స్టార్ వార్స్'లో నౌకలన్నీ చేత్తో చేసిన బొమ్మలే. ప్లాస్టిక్ ట్యాంకులు, విమానాల కిట్లలోని ముక్కలు అతికించి వాటికి ఆ రూపం తెచ్చారు. 1984లో 'ది లాస్ట్ స్టార్‌ఫైటర్' కోసం నౌకలను కంప్యూటర్‌లో గీశారు. అందుకు వాడింది క్రే ఎక్స్-ఎంపీ అనే సూపర్ కంప్యూటర్!

2002లో సీన్ మారింది. బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితం చేసేందుకు దాని అభిమానులు చందాలేసుకుని లక్ష యూరోలు పోగుచేశారు. 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ సినిమా 'ఫ్లో'ను కూడా ఇందులోనే తీశారు.

ఎలా మొదలుపెట్టాలి?

- ముందు కాగితంపై నౌక ఆకారం నల్లగా నింపి చూడాలి. నీడ చూసినా గుర్తుపట్టేలా ఉంటే డిజైన్ బాగున్నట్టే.
- తర్వాత డబ్బాలు, గొట్టాలతో పెద్ద ఆకారం కట్టాలి. పైపులు, ప్యానెళ్లు ఆఖర్లోనే.
- కిటికీలు, తలుపులు పెడితే సైజు తెలుస్తుంది. చిన్న కిటికీలు వరుసగా ఉంటే నౌక చాలా పెద్దగా కనిపిస్తుంది.
- అంతరిక్షంలో గాలి ఉండదు. అక్కడే తిరిగే నౌకకు రెక్కలు అక్కర్లేదు. కానీ వేడి బయటకు పంపే రేడియేటర్లు కావాలి. 109 మీటర్ల పొడవున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఫొటోలు చూస్తే ఈ విషయం అర్థమవుతుంది.
- గాలి లేదు కాబట్టి దూరంగా ఉన్నవీ మసకబారవు. సూర్యుడి వెలుగు పడే వైపు మిరుమిట్లు, నీడ చాలా ముదురు.

అసలు పరీక్ష రెండరింగ్‌లోనే

మోడల్‌ను వెలుగునీడలతో పూర్తి బొమ్మగా మార్చడమే రెండరింగ్. బ్లెండర్‌లో 'సైకిల్స్' కాంతి ప్రయాణాన్ని లెక్కగట్టి సహజంగా చూపిస్తుంది, కానీ టైమ్ తీసుకుంటుంది. 'ఈవీ' చకచకా చేసేస్తుంది.

చిన్న లెక్క చూడండి. 10 సెకన్ల వీడియోకు సెకనుకు 24 చొప్పున 240 ఫ్రేములు కావాలి. ఒక్కో ఫ్రేముకు 3 నిమిషాలు పడితే మొత్తం 12 గంటలు! 11వ గంటలో కరెంట్ పోతే? నేరుగా వీడియో ఫైలుగా రెండర్ పెట్టిన వాళ్లకు రాత్రంతా చేసిన పని పోయినట్టే. అందుకే పీఎన్‌జీ బొమ్మలుగా సేవ్ చేయాలి. కరెంట్ వచ్చాక ఆగిన ఫ్రేము నుంచే కొనసాగించొచ్చు.

కొత్తవాళ్లు చేసే తప్పులు

మొదటి రోజే లక్షలు పోసి కంప్యూటర్ కొనడం పెద్ద పొరపాటు. బ్లెండర్‌కు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. ఇంట్లో ఉన్నదాంతో నేర్చుకుని, చేతకాని చోట ఏం అడ్డొస్తోందో తెలిశాక డబ్బు పెట్టడం మంచిది.

రెండోది.. ఇతరుల మోడల్‌ను కాస్త రంగు మార్చి సొంతమని చెప్పుకోవడం. ఉద్యోగం కోసం చూపిస్తే దొరికిపోతారు. ఉచితంగా దొరికే మోడల్‌కైనా లైసెన్స్ చదవాల్సిందే. నాసా తన వెబ్‌సైట్‌లో 3డీ మోడళ్లు ఉచితంగా ఇస్తోంది, అయితే నాసా లోగోను ఇష్టమొచ్చినట్టు వాడుకోవడం కుదరదు.

ఉపయోగం ఉంటుందా?

'బొమ్మలేసుకుంటే అన్నం పెడుతుందా?' అని ఇంట్లో అడగడం మామూలే. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పలేం. కానీ వీఎఫ్ఎక్స్, గేమ్ స్టూడియోలు సర్టిఫికెట్‌తో పాటు చేసిన పనినీ చూస్తాయి. సగంలో ఆపిన పది నౌకల కంటే పూర్తిచేసిన ఒక్క నౌక మేలు. ఈ ఆదివారం ఓ కాగితం, పెన్సిల్ తీసుకుంటే చాలు.. మొదటి నౌక రెడీ!