లెక్కపెట్టిన కళ్ళు

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుకలో నల్లటి చారలుంటాయి. చిన్నప్పుడు మాకది కాళ్ళు కాల్చే ఇసుక, అంతే. భావనపాడు నుంచి శ్రీకూర్మం దాకా ఆ తీరంలో ఇల్మనైట్‌తో పాటు కాస్త మోనజైట్ కూడా ఉందనీ, అందులో థోరియం ఉంటుందనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

చిటికెడు మోనజైట్‌ని టైమ్‌పిక్స్ చిప్ ముందు పెడితే దాని రేడియేషన్ తెర మీద బొమ్మలుగా కనిపిస్తుంది. ఆల్ఫా కణం గుండ్రటి మచ్చ, బీటా వంకర గీత. సెర్న్‌లో రూపొందిన మెడిపిక్స్ కుటుంబంలోది ఈ చిప్, 2006లో వచ్చింది. బొటనవేలి గోరంత చోటులో 256 అడ్డవరసలు, 256 నిలువు వరసలు, వెరసి 65,536 గళ్ళు. కణం సెన్సర్‌ని తాకితే పుట్టిన విద్యుదావేశాన్ని కింది గడి ఒక హద్దుతో పోల్చి చూస్తుంది. దాటితే లెక్కలోకి వస్తుంది, దాటకపోతే ఉత్త రొద. మెడిపిక్స్ ఎక్స్‌రే ఫోటాన్లనీ ఇలాగే ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది.

దీన్ని రీడౌట్ అంటారు, చదివి చెప్పడం. మరి చిప్ రాకముందు చదివి చెప్పిందెవరు?

మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. మట్టిబెడ్డ ఏది, నూక ఏది, వేలితో తోసేసేది. దాన్నెవరూ పని అనలేదు. ఫోటోగ్రాఫిక్ ప్లేట్లలో కణాల జాడలు వెతకడం కూడా అలాంటి పనే, మైక్రోస్కోపు కింద గంటల తరబడి.

ఆ ప్లేట్ల పద్ధతిని తీర్చిదిద్దింది వియన్నాలో మరియెట్టా బ్లావ్. ఏళ్ళ తరబడి జీతం లేకుండానే పనిచేసింది. 1937లో హెర్తా వాంబాకర్‌తో కలిసి, కాస్మిక్ కిరణాలు పరమాణు కేంద్రకాన్ని పగలగొడితే పడే నక్షత్రాకారపు జాడల్ని చూపింది. యూదురాలు కనుక 1938లో దేశం విడవాల్సొచ్చింది. మన దేశంలో డి.ఎం. బోస్‌తో కలిసి విభా చౌధురి కొండల మీద ప్లేట్లు పెట్టి మెసాన్ ద్రవ్యరాశిని అంచనా కట్టింది. యుద్ధకాలంలో మంచి ప్లేట్లు దొరకక ఆ పని అక్కడే ఆగిపోయింది. బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్‌కి మంచి ప్లేట్లు దొరికాయి, వాటిని వెతికిపెట్టే స్త్రీల బృందమూ దొరికింది. 1947లో పయాన్ క్షయాన్ని మొదట కనిపెట్టిన కళ్ళు మరియెట్టా కుర్జ్‌వి.

1950 నోబెల్ పావెల్‌కి వచ్చింది. అతను మరీ అన్యాయస్థుడేం కాదు. బ్రిస్టల్ పత్రాల్లో ఫోటోల కింద చూసినవాళ్ళ పేర్లు వేశారు. పయాన్ పత్రం పైన రచయితలుగా నలుగురు మగవాళ్ళ పేర్లున్నాయి. కుర్జ్ పేరు వాటిలో లేదు.